అమెరికాలో ఫ్యామిలీ సర్వీస్ సంస్థలు: సహాయం పంచడం నుంచి కౌన్సెలింగ్ దాకా

క్లుప్తంగా: అమెరికాలో కుటుంబ కౌన్సెలింగ్ ఇచ్చే పాత స్వచ్ఛంద సంస్థల్లో చాలావరకు కౌన్సెలింగ్ కోసం పుట్టినవి కావు. 1870ల మాంద్యం తర్వాత పేదలకు అందే దానధర్మాలను ఒక పద్ధతిలో పెట్టడానికి పుట్టాయి. 1933లో ఆ పని ప్రభుత్వం చేతికి వెళ్లిపోయింది. మిగిలినది కుటుంబంతో మాట్లాడే పని. ఆ తర్వాత ఫీజులు, ప్రభుత్వ కాంట్రాక్టులు, ఇన్సూరెన్స్ ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఎవరికి సేవ అందాలి, ఎన్నాళ్లు అందాలి అనేది చాలావరకు అవే తేల్చాయి.

అమెరికాలో చాలా నగరాల్లో ‘ఫ్యామిలీ సర్వీస్’ లాంటి పేరుతో ఒక సంస్థ ఉంటుంది. భార్యాభర్తల గొడవలు, మాట వినని పిల్లలు, తాగుడు, ఇంట్లో హింస, ముసలి తల్లిదండ్రుల బాధ్యత లాంటి సమస్యలతో జనం అక్కడికి వెళ్తారు. ఆదాయాన్ని బట్టి ఫీజు ఉంటుంది. ఇలాంటి చాలా సంస్థల పుట్టిన సంవత్సరం 1880లలోనో 1890లలోనో ఉంటుంది. అప్పటికి కుటుంబ కౌన్సెలింగ్ అనే వృత్తే లేదు. వృత్తి కంటే ముందే సంస్థ ఎలా పుట్టింది, అప్పట్లో అది చేసిన పని ఏమిటి అన్నది చాలామందికి అర్థం కాని సంగతి.

మానసిక శాస్త్రం ఎదుగుతూ వచ్చింది, దానితో పాటే సంస్థలూ ఎదిగాయి అనేది సాధారణంగా వినిపించే జవాబు. అందులో నిజం ఉంది, కానీ సగమే. ఈ సంస్థల దారి మళ్లిన ప్రతి మలుపు దగ్గరా డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది అన్న ప్రశ్న కనిపిస్తుంది.

దానానికి లెక్క రాయడం

1873లో అమెరికాలో బ్యాంకులు మూతపడి, రైల్వే కంపెనీలు దివాలా తీశాయి. నగరాల్లో లక్షల మందికి పని పోయింది. చర్చిలు, సంఘాలు, మునిసిపాలిటీలు ఎవరికి తోచినట్టు వాళ్లు బొగ్గు, తిండి, డబ్బు పంచాయి. ఒకే కుటుంబం మూడు చోట్ల తీసుకుంటోందని, అసలు అవసరం ఉన్నవాళ్లకు అందడం లేదని డబ్బున్నవాళ్లలో అసంతృప్తి పెరిగింది. లండన్‌లో ఇదే సమస్యకు 1869లో ఒక విరుగుడు మొదలైంది. దాని పేరు చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ. ఇంగ్లండ్‌లో పుట్టిన మతాచార్యుడు ఎస్. హంఫ్రీస్ గర్టీన్ ఆ నమూనాను 1877 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోకు తెచ్చాడు. 1890ల మొదటికల్లా ఇలాంటి సొసైటీలు దాదాపు వంద నగరాల్లో వెలిశాయి.

వీటి పని తీరు సూటిగా ఉండేది. సాయం అడిగిన ప్రతి కుటుంబం పేరూ రిజిస్టరులో రాసుకుంటారు. ఇంటికి వెళ్లి విచారిస్తారు. తర్వాత తగిన దాత దగ్గరికో సంఘం దగ్గరికో పంపుతారు. తొలి రోజుల్లో చాలా సొసైటీలు తమ చేతి నుంచి డబ్బు ఇచ్చేవే కావు. బోస్టన్ సంస్థ నినాదం ‘భిక్ష కాదు, స్నేహితుడు’. ఆ స్నేహితుల్లో ఎక్కువమంది ఖాళీ సమయం ఉన్న సంపన్న కుటుంబాల ఆడవాళ్లు. వాళ్లను ‘ఫ్రెండ్లీ విజిటర్లు’ అనేవారు. పేద ఇంటికి వెళ్లి పొదుపు, శుభ్రత, మద్యం మానడం గురించి నచ్చజెప్పడం వాళ్ల పని.

ఈ పద్ధతి వెనుక ఉన్న నమ్మకం కటువైనది. పేదరికానికి కారణం మనిషి నడతలోనే ఉందని, తేలిగ్గా దొరికే సాయం మనిషిని చెడగొడుతుందని ఆ నిర్వాహకులు గట్టిగా నమ్మారు. ఆ నమ్మకం ఎన్నో కుటుంబాలకు అన్యాయం చేసింది. అయితే విచారణ కోసం గడప తొక్కడం వల్ల అనుకోని ఫలితం ఒకటి వచ్చింది. కాగితం మీద ‘సాయం కోరిన మనిషి’గా ఉన్నది ఇంట్లోకి వెళ్లి చూస్తే మొత్తం కుటుంబంగా కనిపించింది. జబ్బుపడ్డ తండ్రి, బడి మాని ఫ్యాక్టరీకి వెళ్తున్న కూతురు, ఇల్లు వదిలి పోయిన భర్త.

ఈ చివరి సమస్య ఎంత పెద్దదంటే, యూదు సమాజ సంస్థలు 1911లో నేషనల్ డిజర్షన్ బ్యూరో పేరుతో ప్రత్యేకంగా ఒక కార్యాలయమే పెట్టాయి. పారిపోయిన భర్తల ఫొటోలు న్యూయార్క్ యిడ్డిష్ పత్రిక ఫార్వర్డ్‌లో అచ్చయ్యేవి. భర్తను వెతికి పట్టుకోవడం, భార్యకు భరణం ఇప్పించడం, వీలైతే మళ్లీ కలపడం. కుటుంబ కౌన్సెలింగ్ వేళ్లు ఇలాంటి పనుల్లోనే ఉన్నాయి.

మేరీ రిచ్‌మండ్ తెచ్చిన పద్ధతి

1893లో మరో మాంద్యం వచ్చింది. కష్టపడి పనిచేసే, తాగుడు అలవాటు లేని మనుషులు కూడా వరుసగా రోడ్డున పడ్డారు. నడత సిద్ధాంతం నమ్మినవాళ్లకే అది సరిపోదని అర్థమైంది. తీరిక ఉన్నప్పుడు వచ్చే విజిటర్లతో పని జరగదని, జీతం తీసుకుని పూర్తికాలం చేసేవాళ్లు కావాలని తేలింది.

ఈ మార్పుకు రూపం ఇచ్చిన మనిషి మేరీ రిచ్‌మండ్. 1889లో బాల్టిమోర్ సొసైటీలో అసిస్టెంట్ ట్రెజరర్‌గా చేరింది. రెండేళ్లకే సంస్థను నడిపే బాధ్యత ఆమె చేతికి వచ్చింది. ఈ పనికి శిక్షణ ఇచ్చే పాఠశాల ఉండాలని 1897లో ఒక జాతీయ సదస్సులో వాదించింది. మరుసటి ఏడాది న్యూయార్క్ సొసైటీ వేసవి కోర్సు ప్రారంభించింది. అదే పెరిగి కొలంబియా విశ్వవిద్యాలయం సోషల్ వర్క్ స్కూల్ అయింది. 1917లో ఆమె రాసిన ‘సోషల్ డయాగ్నోసిస్’ ఈ రంగానికి తొలి పాఠ్యగ్రంథం. బంధువులు, స్కూలు, డాక్టరు, పనిచేసే చోటు, ఇరుగుపొరుగు నుంచి సమాచారం ఎలా సేకరించాలి, దాన్ని ఎంతవరకు నమ్మాలి, దాని నుంచి కుటుంబం పరిస్థితిని ఎలా అంచనా వేయాలి అన్నది ఆ పుస్తకం వివరంగా చెబుతుంది. ‘కేస్‌వర్క్’ అనే పద్ధతికి పునాది అదే.

రిచ్‌మండ్ ఆలోచనకు హద్దులూ ఉన్నాయి. తండ్రి లేని పిల్లల తల్లులకు ప్రభుత్వం నెలనెలా డబ్బు ఇవ్వాలన్న చట్టం 1911లో ఇల్లినాయ్‌లో వచ్చినప్పుడు, ఆమెతో పాటు చాలామంది సొసైటీ నాయకులు ఆ తరహా పెన్షన్లను వ్యతిరేకించారు. ఊరికే డబ్బు ఇస్తే సరిపోదు, మనిషి తోడు ఉండాలి అన్నది వాళ్ల వాదన. రాష్ట్రాలు ఆ మాట వినలేదు. 1920 కల్లా 40 దాకా రాష్ట్రాలు అలాంటి చట్టాలు చేశాయి. డబ్బు ఇచ్చే పని ప్రభుత్వం వైపు జరగడం అప్పుడే మొదలైందని చెప్పాలి.

మొదటి ప్రపంచయుద్ధంలో రెడ్‌క్రాస్ ‘హోమ్ సర్వీస్’ సైనికుల ఇళ్లకు కేస్‌వర్కర్లను పంపింది. ఆ కుటుంబాల్లో చాలావరకు పేదవి కావు. డబ్బుకు లోటు లేని ఇంట్లో కూడా ఎవరో ఒకరితో మాట్లాడాల్సిన అవసరం ఉంటుందని ఈ రంగం పెద్ద ఎత్తున చూడటం అదే మొదలు. 1920లలో ఫ్రాయిడ్ ఆలోచనలు శిక్షణ పాఠశాలల్లోకి వచ్చాయి. అయినా ఆ దశాబ్దంలో ఈ సంస్థలు కుటుంబాలతో మాట్లాడుతూనే అద్దె, తిండి, బొగ్గుకు కూడా సాయం చేసేవి. రెండూ ఒకే వర్కరు చేతిలో ఉండేవి.

1933లో వచ్చిన ఉత్తర్వు

మహామాంద్యం ఆ ఏర్పాటును తుడిచిపెట్టింది. 1933లో ప్రతి నలుగురు కార్మికుల్లో ఒకరికి పని లేదు. చందాలతో నడిచే సంస్థలు ఆ అవసరం ముందు ఎక్కడా నిలవలేకపోయాయి. అప్పటికే కొన్ని నగరాలు ప్రభుత్వ డబ్బును ఈ ప్రైవేటు సంస్థల చేతికే ఇచ్చి పంపిణీ చేయిస్తున్నాయి.

1933 మేలో ఫెడరల్ ఎమర్జెన్సీ రిలీఫ్ అడ్మినిస్ట్రేషన్ ఏర్పడింది. చేతిలో 50 కోట్ల డాలర్లు. దాని అధిపతి హ్యారీ హాప్‌కిన్స్ స్వయంగా న్యూయార్క్ స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసి వచ్చినవాడు. అయినా జూన్‌లో ఆయన పెట్టిన నిబంధన ఆ సంస్థలనే పక్కకు నెట్టింది. ఫెడరల్ సహాయ నిధులను ప్రభుత్వ సంస్థలే ఖర్చు చేయాలి, ప్రైవేటు సంస్థలకు అప్పగించకూడదు. ప్రజల డబ్బుకు ప్రజలకు జవాబు చెప్పేవాళ్లే బాధ్యులుగా ఉండాలన్నది దాని తర్కం. ఆకలితో ఉన్న మనిషి ఒక దాత ఇష్టాయిష్టాల మీద ఆధారపడకుండా, హక్కుగా సాయం అడిగే దారి దీనితో తెరుచుకుంది. ఆ నిర్ణయం సరైనదే. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం ఆ దారిని శాశ్వతం చేసింది.

ఇక స్వచ్ఛంద సంస్థల పరిస్థితి చూస్తే, ఉన్న సిబ్బందిలో చాలామంది కొత్త ప్రభుత్వ కార్యాలయాలకు వెళ్లిపోయారు. సంస్థలకు నిధులు పంచే కమ్యూనిటీ చెస్ట్‌లకు, అంటే నగరమంతా కలిపి చందాలు సేకరించే సమాఖ్యలకు, ఒక సహజమైన ప్రశ్న వచ్చింది. సాయం ప్రభుత్వమే ఇస్తుంటే ఈ సంస్థలకు చందా ఎందుకు ఇవ్వాలి?

అప్పుడు సంస్థలు చూపించుకోగలిగింది, ప్రభుత్వం చేయనిది ఒకటే ఉంది. తీరిగ్గా కూర్చుని కుటుంబం గోడు విని, ఒక దారి చూపడం. మానసిక శాస్త్రం పదేళ్లుగా అందిస్తున్న పరికరాలు చేతికి అందేలా ఉన్నాయి. కౌన్సెలింగ్ ఆ విధంగా పక్కపని నుంచి అసలు పని అయింది. దీన్ని వెనకడుగు అనవచ్చు, అవకాశం అని కూడా అనవచ్చు. రెండూ నిజమే. జాతీయ సమాఖ్య 1911లో దానధర్మాల సొసైటీల సంఘంగా మొదలై, 1930లో కుటుంబ సంక్షేమ సంఘంగా, 1946లో ఫ్యామిలీ సర్వీస్ అసోసియేషన్ ఆఫ్ అమెరికాగా మారింది.

ఫీజు కట్టేవాళ్లు వచ్చాక

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైనికులు ఇళ్లకు తిరిగి వచ్చారు. తొందరలో చేసుకున్న పెళ్లిళ్లు, ఏళ్ల ఎడబాటు కలిసి 1946లో విడాకులు 6 లక్షలు దాటాయి. వివాహ సలహా అప్పటికే వేరే వృత్తిగా తయారవుతోంది. 1930 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, ఫిలడెల్ఫియాల్లో కేంద్రాలు వచ్చాయి, 1942లో వృత్తి సంఘం ఏర్పడింది. లాస్ ఏంజెలెస్ కేంద్రాన్ని పెట్టిన పాల్ పోపెనో, ‘మేలుజాతి’ మనుషులే పిల్లల్ని కనాలనే యూజెనిక్స్ ప్రచారకుడు. ఈ రంగం మంచి మనసుతోనే పుట్టిందని చెప్పే కథల్లో ఈ సంగతి తరచూ కనిపించదు, కాబట్టి గుర్తుచేయాలి.

1940లలో ఫ్యామిలీ సర్వీస్ సంస్థలు ఫీజు తీసుకోవడం మొదలుపెట్టాయి. ఆదాయాన్ని బట్టి పెరిగే, తగ్గే ఫీజు. ఈ చిన్న మార్పు వల్ల జరిగింది ఎక్కువ. డబ్బు కట్టి వస్తే అది దానం కాదు కనుక మధ్యతరగతికి సిగ్గు పోయింది. వాళ్లు వచ్చేకొద్దీ అపాయింట్‌మెంట్లు, వెయిటింగ్ లిస్టులు, ఆఫీసు గదిలో 50 నిమిషాల సంభాషణలు పద్ధతిగా స్థిరపడ్డాయి. ఇంటికి వెళ్లడం తగ్గింది.

గదిలో కూడా చాలాకాలం ఒక్కొక్కరితో విడివిడిగానే మాట్లాడేవారు. 1950లలో న్యూయార్క్ జ్యూయిష్ ఫ్యామిలీ సర్వీస్‌తో కలిసి పనిచేసిన మనోవైద్యుడు నేథన్ ఆకర్‌మన్ లాంటివాళ్లు కుటుంబం మొత్తాన్నీ ఒకే గదిలో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. పిల్లవాడి ‘సమస్య’ నిజానికి తల్లిదండ్రుల మధ్య నలుగుతున్న గొడవకు గుర్తు కావచ్చని, ఆ తీరు కళ్లముందే కనిపిస్తుందని వాళ్లు చూపించారు. 1960లలో వర్జీనియా సటీర్, సాల్వడార్ మినూచిన్ అనే కుటుంబ థెరపిస్టులు దీన్ని ముందుకు తీసుకెళ్లారు. ముఖ్యంగా మినూచిన్ బృందం న్యూయార్క్ పేద పిల్లల కుటుంబాలతో పనిచేసింది. కుటుంబ థెరపీ డబ్బున్నవాళ్ల కోసమే అన్న అపోహకు అది గట్టి జవాబు.

పేదలు ఎటు పోయారు?

1965లో రిచర్డ్ క్లోవర్డ్, ఐర్విన్ ఎప్‌స్టీన్ అనే సామాజిక పరిశోధకులు ఒక వ్యాసంలో ఇదే ప్రశ్న అడిగారు. ప్రైవేటు కుటుంబ సంస్థలు పేదలకు దూరమయ్యాయన్నది వాళ్ల వాదన. ఎవరూ పేదల్ని తలుపు దగ్గర ఆపలేదు. కానీ వారం వారం అదే సమయానికి రావాలి, మనసులో మాట మాటల్లో చెప్పగలగాలి, ఈ వారం అద్దె కట్టాల్సిన మనిషి తన చిన్ననాటి గురించి మాట్లాడాలి. ఇవన్నీ కలిసి కంటికి కనిపించని అడ్డుగోడ అయ్యాయి.

అదే ఏడాది న్యూయార్క్‌లో మరో అధ్యయనం వచ్చింది. హైస్కూలు అమ్మాయిల్లో ఇబ్బందుల్లో పడే అవకాశం ఉన్నవాళ్లను ఎంచి, కొందరిని కౌన్సెలింగ్ సంస్థకు పంపారు, కొందరిని పంపలేదు. కొన్నేళ్ల తర్వాత రెండు గుంపుల మధ్య తేడా చాలా తక్కువ. వృత్తిలో ఉన్నవాళ్లకు ఇది పెద్ద దెబ్బ.

1971లో న్యూయార్క్‌లోని కమ్యూనిటీ సర్వీస్ సొసైటీ, అంటే పాత చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ వారసురాలే, కుటుంబాలకు ఇచ్చే కేస్‌వర్క్ సేవను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇక బస్తీల్లో జనాన్ని కూడగట్టే పని చేస్తామంది. ఈ రంగం పుట్టుకలో భాగమైన సంస్థే దాన్ని వదిలేయడం దేశమంతా చర్చ అయింది. పేదరికాన్ని సంభాషణతో తొలగించలేమన్నది సరైన మాటే. కానీ పేద కుటుంబానికి సంభాషణ అక్కర్లేదని దాని అర్థం కాదు. ఆనాటి చర్చలో ఈ రెండూ కలగాపులగం అయ్యాయి, నష్టపోయింది పేద కుటుంబమే. ఇతర నగరాల సంస్థల్లో ఎక్కువ భాగం కౌన్సెలింగ్‌ను కొనసాగించాయి.

బ్రిటన్‌లో ఇంకో దారి

బ్రిటన్‌లో ఇది వేరుగా నడిచింది. లండన్ సొసైటీ 1946లో ఫ్యామిలీ వెల్ఫేర్ అసోసియేషన్‌గా మారింది, ఇప్పుడు దాని పేరు ఫ్యామిలీ యాక్షన్. దంపతుల సలహా పని మాత్రం 1938లో మొదలైన మ్యారేజ్ గైడెన్స్ కౌన్సిల్ చేతిలోకి వెళ్లింది. 1947లో విడాకుల వ్యవహారాలపై ప్రభుత్వం వేసిన డెనింగ్ కమిటీ సిఫారసుతో దానికి ప్రభుత్వ గ్రాంట్ దక్కింది. అక్కడ కౌన్సెలర్లు చాలాకాలం శిక్షణ పొందిన వాలంటీర్లే. అందుకే ఖర్చు తక్కువ, కానీ వృత్తి హోదా ఆలస్యంగా వచ్చింది. 1988లో ఆ సంస్థ పేరు రిలేట్‌గా మారింది. అమెరికాలో మాత్రం డిగ్రీ, లైసెన్సు, బిల్లు ఒకదానికొకటి ముడిపడిపోయాయి.

బిల్లులో ఇమడని కుటుంబం

1967లో సోషల్ సెక్యూరిటీ చట్టానికి చేసిన సవరణలు, 1975లో అదే చట్టంలో చేరిన టైటిల్ 20 అనే భాగం ప్రభుత్వం ప్రైవేటు సంస్థల నుంచి సేవలు ‘కొనే’ పద్ధతిని పెంచాయి. 1933లో మూసుకున్న తలుపు ఇంకో రూపంలో తెరుచుకుంది. ఆదాయం పెరిగింది, కానీ ప్రతి కాంట్రాక్టుకూ ఒక గిరి ఉంటుంది: పిల్లలపై హింస, వ్యసనాలు, ఫోస్టర్ కేర్ (సొంత ఇంట్లో ఉండలేని పిల్లలను వేరే కుటుంబంలో పెంచే ఏర్పాటు). ఏ గిరిలోనూ పడని కుటుంబానికి, అంటే ఇంకా ఏమీ కూలిపోక ముందే సలహా కోసం వచ్చిన వాళ్లకు, కాంట్రాక్టు డబ్బు వర్తించదు. 1974 నాటి బాలల హింస నివారణ చట్టం తర్వాత కోర్టు పంపితేనో, శిశు సంక్షేమ శాఖ పంపితేనో వచ్చే కుటుంబాలు పెరిగాయి. ఇష్టంతో వచ్చినవాళ్లతో సాగే మాట వేరు, పిల్లల్ని తీసుకుపోతారన్న టెన్షన్‌తో కూర్చున్న తల్లితో సాగే మాట వేరు. 1981లో ఈ నిధులను బ్లాక్ గ్రాంట్‌గా, అంటే రాష్ట్రాలకు ఒకే మొత్తంగా ఇచ్చే గ్రాంట్‌గా, మార్చి కోత పెట్టారు.

ఆ లోటును ఇన్సూరెన్స్‌తో పూడ్చుకోవడానికి సంస్థలు ప్రయత్నించాయి. ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఇన్సూరెన్స్ చెల్లించేది ఒక మనిషికున్న జబ్బుకు. ‘భార్యాభర్తల మధ్య సఖ్యత లేదు’ అన్నది జబ్బు కాదు. రోగ నిర్ధారణ పట్టికలో దానికి జెడ్63.0 అనే కోడ్ ఉంది కానీ, ఆ కోడ్ ఒక్కటే రాస్తే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు డబ్బు ఇవ్వవు. కాబట్టి గదిలో ఉన్న నలుగురిలో ఒకరిని పేషెంటుగా చూపించాలి. డిప్రెషనో ఆందోళనో ఆ ఒకరి పేరు మీద రికార్డులోకి ఎక్కుతుంది. ఇంట్లో జరుగుతున్నది అందరి మధ్య నడుస్తున్న వ్యవహారం అని ఆకర్‌మన్ తరం కష్టపడి చూపించింది. బిల్లు మాత్రం దాన్ని తిరిగి ఒక్కరి తలకు చుడుతుంది. ఆ ఒక్కరు చాలాసార్లు పిల్లవాడు. 1980ల నుంచి మేనేజ్డ్ కేర్ (ఖర్చు అదుపు కోసం ఇన్సూరెన్స్ కంపెనీలే వైద్యాన్ని నియంత్రించే పద్ధతి) వచ్చి ఎన్ని సెషన్లు అన్నదానికీ పరిమితి పెట్టింది.

ఇన్ని రకాల చెల్లింపుల లెక్కలు చూసుకోవాలంటే పెద్ద ఆఫీసు కావాలి. 1977లో ఈ సంస్థల నాణ్యతను పరీక్షించి గుర్తింపు ఇచ్చే అక్రెడిటేషన్ కౌన్సిల్ ఏర్పడింది. అది నాణ్యతను పెంచింది, దానితో పాటు కాగితాల పనినీ పెంచింది. చిన్న ఊళ్ల సంస్థలు పెద్దవాటిలో కలిసిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. జాతీయ సమాఖ్య కూడా 1998లో పిల్లల సంస్థల సంఘంతో కలిసింది, 2021లో అదే అక్రెడిటేషన్ కౌన్సిల్‌తో కలిసి సోషల్ కరెంట్ అయింది.

ఇప్పుడు మారుతున్నవి

2018లో వచ్చిన ఫ్యామిలీ ఫస్ట్ ప్రివెన్షన్ సర్వీసెస్ చట్టం మంచి మలుపు. పిల్లల్ని ఇంటి నుంచి తీసుకెళ్లాక మాత్రమే ఎక్కువగా ఖర్చయ్యే ఫెడరల్ నిధుల్లో కొంత, తీసుకెళ్లే పరిస్థితి రాకుండా చూడటానికి కూడా వాడవచ్చు. అయితే పరిశోధనలో ఫలితం రుజువైన కార్యక్రమాలకే ఆ డబ్బు. నడత సమస్యలున్న పిల్లల కుటుంబాలతో చేసే ఫంక్షనల్ ఫ్యామిలీ థెరపీ, మల్టీసిస్టమిక్ థెరపీ అలాంటివి. 1965 నాటి చేదు అధ్యయనం తర్వాత ఈ రంగం రుజువు అడగడం నేర్చుకుంది, అది అవసరమే. కానీ ఆ కార్యక్రమాల శిక్షణకు, లైసెన్సుకు, పర్యవేక్షణకు ముందే ఖర్చు పెట్టుకోవాలి. పదిమంది సిబ్బంది ఉన్న సంస్థకు అది అందని దూరం.

2020 తర్వాత వీడియో కౌన్సెలింగ్ మామూలైంది. బస్సెక్కి రాలేని తల్లికి అది మేలు. ఒకే గది ఉన్న ఇంట్లో, పక్కనే హింసించే మనిషి ఉన్నప్పుడు మాత్రం ఫోన్‌లో నిజం చెప్పడం కుదరదు. సిబ్బంది సమస్య ఇంకా లోతైనది. చదువు ముగించి వచ్చిన యువ కౌన్సెలర్లు లైసెన్సుకు కావాల్సిన పర్యవేక్షణ గంటలు ఈ సంస్థల్లోనే పూర్తి చేస్తారు. ఆ తర్వాత చాలామంది మంచి జీతం కోసం ప్రైవేటు ప్రాక్టీసుకు వెళ్తారు. శిక్షణ భారం స్వచ్ఛంద సంస్థది, ఫలితం ఫీజు కట్టగలిగినవాళ్లది.

2025 జులైలో సంతకమైన చట్టం మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) నిబంధనలను మార్చింది. ఈ బీమాను ఇంకొంతమంది పేద పెద్దలకు విస్తరించినప్పుడు చేరినవాళ్లలో చాలామంది 2027 మొదటికల్లా నెలకు 80 గంటల పనో, చదువో, సేవో చేస్తున్నట్టు చూపించాలి. చిన్న పిల్లలున్న తల్లిదండ్రులకు మినహాయింపు ఉన్నా, దాన్నీ కాగితాలతో నిరూపించుకోవాల్సి రావచ్చు. పేద కుటుంబాల కౌన్సెలింగ్‌కు ఈ సంస్థల్లో చాలావాటికి వచ్చే ప్రధాన ఆదాయం మెడికెయిడే. మెడికెయిడ్ కార్డు ఆగితే సెషన్ ఆగుతుంది. అందువల్ల ఈ నిబంధనలు అమలయ్యేకొద్దీ కౌన్సెలర్ల సమయంలో కొంత భాగం ఫారాలు నింపించడానికి, ఆగిన కార్డులను తిరిగి తెప్పించడానికి పోయే అవకాశం ఉంది. ఆ గంటలకు విడిగా నిధులు చూపించే సంస్థలు సెషన్లను కాపాడుకోగలవు. చూపించలేనివి ముందుగా తగ్గించేది తక్కువ ఫీజు స్లాట్లనే.